28 రాష్ట్రాల్లో ఎప్పుడూ నాలుగు తప్పిపోతున్నాయి

ప్రశ్న: నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. మన రాష్ట్రాల పేర్లను ఇంగ్లీషు అక్షర క్రమంలో ఎన్నిసార్లు వల్లె వేసినా, కాగితం మీద రాసేసరికి 24 దగ్గర ఆగిపోతున్నాను. ఏవి వదిలేశానో కూడా తెలియడం లేదు. పైగా నా దగ్గరున్న పాత పుస్తకంలో 29 రాష్ట్రాలని ఉంది. పేర్లలోని మొదటి అక్షరాలతో ఒక వాక్యం కట్టుకొమ్మని స్నేహితులు చెబుతున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు లెక్క సరిచేసుకుందాం. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పాటుతో 29కి చేరిన రాష్ట్రాల సంఖ్య, 2019 అక్టోబరు 31న జమ్మూ కశ్మీర్ రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా విడిపోవడంతో 28 అయింది. మీ పుస్తకం ఆ మధ్యకాలంలో అచ్చయి ఉంటుంది.

మొదటి అక్షరాల వాక్యం వద్దనే అంటాను. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, మణిపూర్, మేఘాలయ, మిజోరం అంటూ ‘మ’తో మొదలయ్యేవే ఐదున్నాయి, వాక్యంలో ‘మ’ ఎదురైన ప్రతిసారీ అది వీటిలో ఏదో మళ్లీ వెతుక్కోవలసిందే. ఇక అక్షర క్రమం సంగతి చూడండి: బీహార్ పక్కన ఛత్తీస్‌గఢ్ నిలబడడానికి ఇంగ్లీషు అక్షరమాల తప్ప మరో కారణం లేదు, కనుక ఒక పేరు జారితే దాన్ని పట్టిచ్చే ఆధారం ఉండదు.

ఆ ఆధారం పటంలో ఉంది. గుజరాత్ నుంచి తీరం వెంబడి దిగండి: మహారాష్ట్ర, గోవా, కర్ణాటక, కేరళ, అక్కడి నుంచి మలుపు తిరిగి తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్. సముద్రతీరం ఉన్న తొమ్మిదీ అయిపోయాయి. బెంగాల్ నెత్తిన సిక్కిం ఉంది. దానికి పొరుగు రాష్ట్రం బెంగాల్ ఒక్కటే. తర్వాత అస్సాంను మధ్యలో ఉంచి ప్రదక్షిణం చేయండి: అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మణిపూర్, మిజోరం, త్రిపుర, మేఘాలయ. అదే విధంగా ఉత్తరప్రదేశ్ చుట్టూ తిరిగితే ఉత్తరాఖండ్, బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్ వస్తాయి. మిగిలినవి రెండే, పంజాబ్, తెలంగాణ. తెలంగాణను తెలుగువారు ఎలాగూ మరవరు గనుక జాగ్రత్త పడవలసింది పంజాబ్ విషయంలోనే!

ఇప్పుడు ఏది వదిలేశారో మీకే తెలుస్తుంది. అస్సాం చుట్టూ ఆరింటికి ఐదే వచ్చి, మణిపూర్‌కూ త్రిపురకూ నడుమ ఖాళీ కనబడితే, పోయింది మిజోరం.

అయితే పటాన్ని చూస్తూ చదవడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. గీతలు మాత్రమే ఉన్న ఖాళీ పటం మీద, పుస్తకం మూసి, పేర్లు నింపండి. తప్పిన వాటిని మాత్రమే ఎర్ర పెన్సిలుతో రాసి, మర్నాడు, మూడు రోజులకు, వారానికి అదే పని మళ్లీ చేయండి.

ఈ 28 కుదిరేవరకు కేంద్రపాలిత ప్రాంతాల జోలికి వెళ్లకండి. అవి ఎనిమిదే, పాత పుస్తకంలో విడివిడిగా కనిపించే దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూలు 2020 జనవరి 26న విలీనమయ్యాయి గనుక ఆ రెంటినీ ఒకటిగానే లెక్కపెట్టాలి.