ఆర్ట్ క్లాసులో చెయ్యి వణుకుతోంది, ఏం చెయ్యను?

ప్రశ్న: మాది అనంతపురం. గణితం మెథడ్‌తో బీఈడీ చేస్తూ ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ పరీక్ష పాసయ్యానని తెలిసి హెచ్‌ఎం గారు ఎనిమిదో తరగతి ఆర్ట్ పీరియడ్లు నాకిచ్చారు. బోర్డు మీద గీయబోతే చెయ్యి వణుకుతోంది. పిల్లలేమో 'మాకు బొమ్మలు రావు టీచర్' అని గోల చేస్తున్నారు. ధైర్యం ఎలా వస్తుంది?

జవాబు: ముందే ధైర్యం కూడగట్టుకుని క్లాసుకు వెళ్దామంటే కుదరదమ్మా. రెండు మూడు పీరియడ్లు సాఫీగా జరిగితే అదే వస్తుంది. కాబట్టి మీ టెన్షన్ సంగతి పక్కనపెట్టి, పీరియడ్ ఎలా నడపాలో చూద్దాం.

ఖాళీ బోర్డు మీద ఒక్కసారిగా పెద్ద బొమ్మ ఎత్తుకోవద్దు. ముగ్గుకు పెట్టినట్టే ముందు చుక్కలు పెట్టండి, తర్వాత కలపండి. చుక్క నుంచి చుక్కకు గీత చిన్నదే కాబట్టి వణుకు కనబడదు. పిల్లలూ మీతోపాటే గీస్తారు, గోలకు సందుండదు.

మొదటి పాఠానికి లేపాక్షి చీర అంచు డిజైన్ తీసుకోండి. జిల్లాల విభజన తర్వాత లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా మీ పిల్లలకు అది మన ఊరి గుడే. వీరభద్రస్వామి ఆలయం లతా మండపం స్తంభాల మీద చెక్కిన డిజైన్లే చీరల అంచుల్లోకి వచ్చాయి. ఫోన్లో ఒక స్తంభం ఫొటో చూపించి, అందులోంచి ఒక్క పువ్వు ఎంచుకోండి. కాగితం మీద వరసగా ఐదు చదరాలు గీయించండి. ప్రతి చదరంలో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి మధ్యగీతలు. పావు భాగంలో రేకు గీస్తే మిగతా మూడింట్లో అదే తిప్పి గీయాలి. ఇది మీ సౌష్ఠవం పాఠమే కదా! అక్కడ మీకు తడబాటు ఉండదు. బొమ్మలు రావన్న పిల్లాడు కూడా ఐదో చదరానికొచ్చేసరికి అంచు పూర్తి చేస్తాడు. రంగులు లేనివాళ్లకు పెన్సిల్‌తో ముదురు, లేత షేడ్ చాలు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. పిల్లల కాగితం మీద మీ పెన్సిల్ పెట్టొద్దు. దిద్దాలనిపిస్తే పక్కన చిత్తుకాగితం మీద గీసి చూపించండి. 'బాగుంది' అని ఊరుకోకుండా 'ఈ రేకు వంపు చక్కగా తిరిగింది, పక్కది కాస్త ఇరుకైంది' అనండి. మీరు తమ గీతను నిజంగా చూశారని పిల్లలకు తెలిసిపోతుంది. మీ మాట మీద వాళ్లకు గురి కుదిరేది అక్కడే.

సూపర్‌వైజర్ వచ్చిన రోజు కొత్త బొమ్మ జోలికి పోకుండా, ఒకసారి చేయించినదాన్నే ముందుకు తీసుకెళ్లండి.

ఈ పని మీకు నచ్చితే, హయ్యర్ గ్రేడ్ ఉన్నవాళ్లు టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) కూడా చేయడం మంచిది. వేసవిలో 42 రోజుల శిక్షణ ఉంటుంది. డ్రాయింగ్ టీచర్ పోస్టుకు ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది. ప్రభుత్వ పరీక్షల విభాగం నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి. ఈలోపు పిల్లలు గీసిన అంచుల్లో కొన్నింటిని తేదీ వేసి ఫైల్లో దాచుకోండి, ఇంటర్వ్యూల్లో చూపించడానికి ఉంటాయి.