టర్నింగ్ పాయింట్ వచ్చేదాకా ఆగాలా సార్?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె సార్. విజయనగరంలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ఇంటర్ తర్వాత ఇంజనీరింగ్‌కి మంచి ర్యాంకు రాలేదు, అందుకే ఇందులో చేరాను. నాన్నేమో కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవమంటారు, "ఖాకీ కన్నా గట్టి ఉద్యోగం ఏటుందిరా" అని. మావయ్య హైదరాబాద్ వచ్చేసి ఏదైనా కోర్సు చేయమంటున్నాడు. నాకు దేని మీదా మనసు నిలవట్లేదు. పెద్దవాళ్ల ఇంటర్వ్యూలు చూస్తే ప్రతి ఒక్కరికీ జీవితం మారిపోయిన క్షణం ఒకటుంటుంది. నాకింకా అలాంటిది రాలేదు. వచ్చేదాకా ఆగాలా, ఏదో ఒకటి పట్టుకోవాలా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఇంటర్వ్యూల సంగతి చూద్దాం. మైకు ముందు కూర్చున్న మనిషి గెలిచాక మాట్లాడుతున్నాడు. ఇరవై ఏళ్ల కిందటి ఒక మధ్యాహ్నాన్ని వెతికి పట్టుకుని "అదిగో, అక్కడే నా జీవితం మారింది" అంటాడు. అబద్ధమని కాదు గానీ, ఆ మధ్యాహ్నం ఆయనకి ఆ సంగతి తెలిసే వీలు లేదు, బహుశా అన్నం తిని పడుకుని ఉంటాడు. సరిగ్గా అలాంటి మధ్యాహ్నమే వచ్చి కూడా ఎటూ కాకుండా పోయినవాళ్లు బోలెడు మంది, వాళ్లని ఎవరూ ఇంటర్వ్యూకి పిలవరు.

నువ్వు చదువుతున్న ఊళ్లోనే సంగీత కళాశాల ఉంది, 1919లో పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. దాని ముందు నుంచి బస్సుకో టిఫిన్‌కో చాలాసార్లు వెళ్లే ఉంటావు. ఘంటసాల గారు అక్కడే చదివారు. ఆయనది కృష్ణా జిల్లా, తండ్రి చిన్నప్పుడే పోయారు. సంగీతం సరిగ్గా నేర్చుకోవాలంటే విజయనగరం వెళ్లాలని తెలుసుకుని వచ్చేశారు, వచ్చాక తిండికి గతిలేక ఇల్లిల్లూ తిరిగి మధూకరం చేసుకున్నారు, పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి నేర్పారు. ఇదంతా నీకూ తెలిసిన కథే. కానీ ఒక్క విషయం గమనించు. జోలె పట్టుకుని తిరుగుతున్న ఆ కుర్రాణ్ని ఆపి "పెద్దయ్యాక ఏమవుతావురా" అని అడిగితే, సినిమాల్లో తెర వెనక నుంచి పాడతానని చెప్పే అవకాశమే లేదు, ఎందుకంటే 1930ల తెలుగు సినిమాల్లో వేషం కట్టినవాళ్లే పాట కూడా పాడుకునేవాళ్లు. ఆయన తర్వాత చేసిన పని అప్పటికి ఇంకా సరిగ్గా పుట్టనే లేదు. మధ్యలో 1942 ఉద్యమం, జైలు, నాటకాలు, మద్రాసు, రేడియో, ఇన్ని దాటాక గానీ మనకు తెలిసిన ఘంటసాల రాలేదు. వీటిలో టర్నింగ్ పాయింట్ ఏదో నువ్వు చెప్పు చూద్దాం. విజయనగరం రైలెక్కడమా? శాస్త్రి గారు కంటపడటమా? నేనైతే తేల్చలేను.

ఆయనకి సంగీతమంటే పిచ్చి ఉంది, నాకు దేని మీదా లేదే అంటావు. నిజమే, అందరికీ ఉండదు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి ఉండదు, అది జబ్బేమీ కాదు. నేను చూసినంతలో, ఇష్టం ముందు పుట్టి పని తర్వాత రావడం కన్నా, ఒక పని కాస్త చేతికి అలవాటై, నలుగురిలో "వీడికి ఇది వచ్చు" అనిపించుకున్నాక ఇష్టం పుట్టడమే ఎక్కువ. నువ్వు రెండేళ్లుగా కెమిస్ట్రీ చదువుతూ కూడా దాన్ని చేతిలోకి తీసుకోలేదు, ఇంజనీరింగ్ పోయినందుకు వచ్చిన పరిహారంలా చూస్తున్నావు. అసలు అడ్డం అక్కడుంది.

ర్యాంకు రాని రోజుతోనే నీ బతుకు తేలిపోయిందని లోపల ఎక్కడో అనుకుంటున్నావని నీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్ లిఫ్టింగ్‌లో రెండు రకాల లిఫ్ట్‌లూ కలిపి 240 కిలోలు ఎత్తింది. స్వర్ణం, రజతం తెచ్చుకున్న ఇద్దరూ ఎత్తింది 242.5. ఆఖరి లిఫ్ట్‌లో ఆమె 137.5 కిలోలకి వెళ్లింది, నిలపలేకపోయింది. ఆ ఒక్క లిఫ్ట్ పట్టుకుని కూర్చుంటే అది పోగొట్టుకున్న రోజు. మనం మాత్రం ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అని చెప్పుకుంటున్నాం. ఇంకో సంగతి, ఆడవాళ్ల వెయిట్ లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టిందే ఆ ఏడాది. అంటే ఆమె చిన్నప్పుడు మొదటిసారి బార్ పట్టుకున్ననాడు ఆ పతకం ఎక్కడా లేదు.

సరే, ఇక నీ పని. రెండో ఏడాది అయ్యాక ఇంటర్న్‌షిప్ ఉంటుంది కదా. మన వైపు చాలామంది కుర్రాళ్లు డబ్బులిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకుని ఇంట్లో పడుకుంటున్నారు, నువ్వు ఆ పని చేయకు. పైడిభీమవరంలో మందుల కంపెనీలు ఉన్నాయి, మీ ఊరికి మరీ దూరమేం కాదు. మీ డిపార్ట్‌మెంట్‌లో సీనియర్లు ఎవరు ఎక్కడ చేస్తున్నారో కనుక్కో, మీ లెక్చరర్‌తో ఒక లెటర్ రాయించుకుని మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో చోటు అడుగు. మొదటి రెండు మూడు చోట్ల సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు, అది మామూలే. లోపలికి వెళ్తే మందులో ఏది ఎంత ఉందో తేల్చే హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద శాంపిల్ ఎలా నడుపుతారో, రికార్డులో ఒక్క అంకె కొట్టివేస్తే ఎంత గోలవుతుందో, నైట్ షిఫ్ట్ ఒంటికి పడుతుందో లేదో నీకే తెలుస్తుంది. ఆ పని నచ్చకపోయినా మంచిదే, నచ్చలేదని ఇరవై ఏళ్లకే తెలిసిపోతుంది, ముప్పై దాటాక కాకుండా.

దాంతోపాటు ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటుకి రాసే జామ్ పరీక్ష కెమిస్ట్రీ పాత పేపర్లు దింపుకో, ఉచితంగానే దొరుకుతాయి. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకుముందు సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో తీసుకుంటారు, ఫైనల్ ఇయర్‌లో ఉండగానే రాయొచ్చు. ఈ తేదీ తెలియకనే మన పిల్లలు ఏడాది పోగొట్టుకుంటారు, తెలివి లేక కాదు. అది కుదరకపోతే మన యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీకి పీజీసెట్ ఎలాగూ ఉంది.

నాన్నగారి మాట తీసిపారేయకు. మన జిల్లాల్లో యూనిఫాం వేసుకున్న కొడుకు ఇంటికెంత ధైర్యమో ఆయనకి తెలుసు. కానీ 2022 నవంబర్‌లో వచ్చిన కానిస్టేబుల్ నోటిఫికేషన్ ఫలితాలు తేలేసరికి 2025 అయింది, ఈ లెక్క ఆయనకి చూపించు. పొద్దున్నే 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చెయ్యి, నోటిఫికేషన్ వస్తే రాయి, డిగ్రీ మాత్రం పక్కన పెట్టకు. ఖాళీగా కూర్చుని నోటిఫికేషన్ కోసం చూస్తే మూడేళ్లు ఇట్టే పోతాయి.

మావయ్యని ఏం కోర్సు, ఫీజు ఎంత, అది చేసినవాళ్లలో ఆయనకి స్వయంగా తెలిసినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అని అడుగు. ఒక్క పేరు కూడా చెప్పలేకపోతే దసరాకి వస్తా మావయ్యా అని ఫోన్ పెట్టెయ్.

ఈ వారంలో లెక్చరర్‌ని కలువు. జామ్ పాత పేపర్ ఒకటి మూడు గంటలు టైమ్ పెట్టుకుని రాసి, ఎన్ని ప్రశ్నలు కనీసం అర్థమయ్యాయో నాకు రాయి, సమాధానాలు తప్పయినా పర్లేదు. నాన్నగారు ఒప్పుకోకపోతే ఆదివారం ఆయన్ని కూడా వెంటబెట్టుకుని రా, ముగ్గురం కూర్చుని మాట్లాడదాం.