చీజ్‌ని చేత్తో వెయ్యకు

చిరంజీవి సౌమ్యకి, పెద్దమామయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు మీద షాపు చూశావని, పిజ్జాలు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గొంతులో గర్వం సగం, ఏడుపు సగం. గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టిందట కదా. అది విన్నప్పటి నుంచి నాకూ అలాగే ఉంది. నోటితో చెప్తే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని ఫోను పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

చిన్నవి ముందు. ఆహార భద్రత రిజిస్ట్రేషను, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు తలుపు తెరవకముందే తీసుకో. ఇంటి ఎర్ర సిలిండరు షాపులో పెట్టకు, షాపులకిచ్చే 19 కిలోలదే వాడాలి.

ఓవెన్ కరెంటుది కాకుండా గ్యాసుది చూడు. మనది తుపాన్ల జిల్లా. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. అంత పెద్ద గాలి రాకపోయినా సాయంత్రం రద్దీలో అరగంట కరెంటు పోతే ఓవెన్ రాయి చల్లారిపోతుంది. మళ్లీ 280 డిగ్రీలకి ఎక్కేదాకా జనం ఆగరు. ఇన్వర్టరు మీద ఫ్రిజ్ నడిస్తే చాలు.

పిండి సంగతి నీకు తెలుసంటావు. మన ఎండలకి తెలుసా? కిలో మైదాకి 600 మిల్లీలీటర్ల నీళ్లు, 20 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల నూనె, 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్టు. మే నెలలో నీళ్లు ఐసువే పొయ్యి. కలిపాక పిండి 25 డిగ్రీలు దాటకూడదు. 220 గ్రాముల ఉండలు చేసి ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచు. పిండి మరీ పులిసిపోతే వాసన చెబుతుంది. సాగదీస్తే చిరుగుతుంది, ఎంత కాల్చినా అంచు ఎర్రబడదు. ఈస్టు చక్కెరంతా తినేసిందన్నమాట. అది పారెయ్యి, మొహమాటపడకు.

ఇక అసలు సంగతి. మన ఊళ్లలో ఇలాంటి షాపులు రుచి బాగోక మూతపడటం తక్కువ. మొదటి నెల అందరి పిజ్జా బాగానే ఉంటుంది. ముంచేది చీజ్ వేసే చెయ్యి.

కాగితం తీసుకో. తొమ్మిదంగుళాల పిజ్జాకి 80 గ్రాముల మొజరెల్లా చీజ్, కిలో 450 అనుకుంటే 36 రూపాయలు. పిండికి 8, సాస్‌కి 8, కూరముక్కలకి 14, డబ్బాకి 10. మొత్తం 76. అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు, కరెంటు, గ్యాసు కలిపి నెలకి 50 వేలనుకో. కౌంటర్లో 219కి అమ్మితే 143 మిగులుతుంది, రోజుకి 12 పోతే ఖర్చులు గట్టెక్కుతాయి. అదే పిజ్జాని ప్రారంభ ఆఫరని 149కి డెలివరీ యాప్‌లో పెట్టావనుకో. యాప్ వాడు 25 శాతం పట్టుకుంటే నీకు మిగిలేది 36. అప్పుడు రోజుకి 47 అమ్మాలి. ఆపైన కుర్రాడు గుప్పెటతో 80కి బదులు 110 గ్రాములు చల్లాడా, ఇంకో పదమూడున్నర పోయింది. అప్పుడు 75 అమ్మాలి. రెండేసి పట్టే ఓవెన్‌లో, వాయికి ఏడు నిమిషాల చొప్పున, 75 కాల్చడానికే నాలుగు గంటలు దాటుతుంది. జనం వచ్చేది ఏడు నుంచి పది దాకానే కదా తల్లీ!

నష్టం తెలిశాక రేటు పెంచడానికి భయపడతారు. చీజ్ మార్చేస్తారు. పాల కొవ్వు బదులు పామాయిల్‌తో చేసినది చౌకగా దొరుకుతుంది. వేడి మీద తేడా తెలీదు, ఇంటికి తీసుకెళ్లేసరికి తోలులా గట్టిపడి అంగిట్లో జిడ్డు మిగులుస్తుంది. కొన్నవాడు వచ్చి తిట్టడు, మళ్లీ రాడంతే. అమ్మకాలు పడిపోయాయని నూడుల్స్, మంచూరియా, బిర్యానీ మెనూలోకి ఎక్కుతాయి. దేని సరుకు దానికి కొనాలి, సగం ఫ్రిజ్‌లోనే కుళ్లుతుంది. పొద్దున్న నాలుగే రకాలు చేసి, అయిపోగానే పొయ్యి ఆర్పేసే టిఫిన్ బండి వాడు అదే వీధిలో ఏళ్ల తరబడి నిలబడుతున్నాడు. వాడి చట్నీ గరిటె ఎప్పుడూ ఒకటే, గమనించావా?

అందుకని పొద్దున్నే చీజ్ 80 గ్రాముల చొప్పున చిన్న డబ్బాల్లో తూచి పెట్టెయ్. రాత్రి ఖాళీ డబ్బాలు లెక్కపెట్టు, బిల్లులతో సరిపోవాలి. సరిపోకపోతే ఆ రాత్రే అడుగు, నెలాఖరు దాకా ఆగకు. చిన్నప్పుడు ఉప్మాలో జీడిపప్పు ఎవరి ప్లేట్లో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి తగువుపడేదానివి. ఆ పేచీకోరు పిల్లే ఇప్పుడు కౌంటర్లో కూర్చోవాలి.

ఒకటి మరిచాను. కార్తీకంలో చికెన్ సగానికి సగం తగ్గించి తెప్పించు. ఉల్లి, వెల్లుల్లి లేని టమాటా సాస్ విడిగా పెట్టు, ఆ గరిటె వేరే గిన్నెలో పడనివ్వకు.

ఓపెనింగుకి పూలదండ తేను. గ్రాము దాకా చూపించే తూకం ఒకటి, దానికి రెండు జతల బ్యాటరీలు తెస్తాను. సాయంత్రం రద్దీ మొదలవకముందు నువ్వు ఇంత అన్నం తిని నిలబడు, మీ అమ్మ గాజుల కన్నా దాని గురించే ఎక్కువ బెంగపడుతోంది.

మీ పెద్దమామయ్య