సినిమా బాగుందా, బాగుందటా?

సందేహం: మిత్రులం నలుగురం కలిసినప్పుడల్లా ఈమధ్య చూసిన సినిమాల గురించి అభిప్రాయాలు పంచుకుంటూ ఉంటాం. మొన్న ఒక మిత్రుడు సినిమా చూసి వచ్చి, "ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ స్లోగా ఉందట" అన్నాడు. "నువ్వు చూశావు కదా, ఉందట ఏమిటి?" అని అడిగితే, "అందరూ అదే అంటున్నారు" అన్నాడు. పక్కనున్న మరో మిత్రుడు "అసలు అది అట కాదు, అంట" అన్నాడు. స్వయంగా చూసిన సినిమాకు 'అట' చేర్చవచ్చా? అట, అంటలలో ఏది ఒప్పు? 'అభిప్రాయాలు పంచుకోవడం' అనవచ్చా? 'చూశాను' అని రాయాలా, 'చూసాను' అనా? దయచేసి తెలియజేయగలరు.
– ఒక పాఠకుడు

సమాధానం: మీ ప్రశ్నల్లో చివరి రెండూ రెండు ముక్కల్లో తేలిపోయేవే. 'అట' సంగతి అలా కాదు. ఎవరైనా దీని గురించి అడిగితే బాగుండునని చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను. అందుకని ముందు దాన్నే ఎత్తుకుంటాను, మిగతావి కాస్త ఓపిక పట్టాలి.

'అను' అనే క్రియ తెలుగులో చేసినన్ని పనులు మరే క్రియా చెయ్యదేమో. అని, అంటే, అంటూ, అనగా, అన్న, అనే – ఇవన్నీ దాని రూపాలే. కథ మొదలుపెట్టే 'అనగనగా' కూడా అదే: ఎవరో అనగా, అది విని ఇంకొకరు అనగా, మన దాకా వచ్చిన రాజుగారి కథ అని నాకు తోచే అర్థం. కథ చెప్పేవాడు రాజును తాను చూడలేదని మొదటి మాటలోనే ఒప్పుకుంటున్నాడన్నమాట. 'అట' కూడా ఈ కుటుంబంలోదేననడానికి పాత అచ్చు పుస్తకాల్లో ఒక ఆధారం ఉంది. అందులో ఈ మాట 'అఁట' అని అరసున్నతో కనిపిస్తుంది. ఊరికే వచ్చిన అరసున్న కాదది. అక్కడ ఒకప్పుడు నకారం ఉండేదనడానికి గుర్తు. అనుట, అంట, అఁట, అట – ఈ వరస నాకు సహజంగా తోస్తుంది. ఇది సరైతే, మీ మిత్రుడి 'అంట' అపభ్రంశం కాదు, అటకు పెద్దన్న అవుతుంది. కాబట్టి మాట్లాడేటప్పుడు అంట అన్నవారిని సరిదిద్దే పని పెట్టుకోవద్దు. రాతలో 'అట' స్థిరపడింది కాబట్టి నేను అట అనే రాస్తాను.

'అక్కడ' అనే అర్థంలో ఇంకో అట ఉంది. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయానికి వెళ్ళినప్పుడు 'అటఁ జని కాంచె భూమిసురుఁడు' (అక్కడికి వెళ్ళి ఆ బ్రాహ్మణుడు చూశాడు) అన్నచోట ఉన్నది అది. ఇట, అట, ఎట అన్న వరసలోది, దీనితో చుట్టరికం లేదు. పైగా అక్కడ ప్రవరుడు స్వయంగా వెళ్ళి కళ్ళారా చూస్తున్నాడు.

ఇక పోతన దగ్గరకు వస్తాను. భాగవతం మొదట్లోని ఈ పద్యం రాని తెలుగువారు తక్కువ:

పలికెడిది భాగవత మఁట
పలికించెడివాఁడు రామభద్రుం డఁట నేఁ
బలికిన భవహర మగునఁట
పలికెద వేఱొండు గాథఁ బలుకఁగ నేలా?

చిన్నప్పుడు 'పలుకు' అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమనేవారు. నేను మాత్రం 'అట'లను చూడమంటాను. మొదటి మూడు పాదాల్లో మూడు సార్లు వచ్చింది. నాలుగో పాదంలో లేదు. పలకబోయేది భాగవతమని విన్నాడు. పలికించేవాడు రాముడని విన్నాడు. పలికితే సంసారబంధం తొలగుతుందనీ విన్నాడు. ఈ మూడింటికీ తాను పూచీ పడలేదు. 'పలికెద' అన్నది మాత్రం తన నిర్ణయం. దానికి ఇంకొకరి సాక్ష్యం అక్కర్లేదు, అందుకే అక్కడ అట రాలేదు. అంత భక్తుడు కూడా విన్నదాన్ని విన్నట్టే చెప్పాడు. ఆ వినయం అంతా ఈ చిన్న మాటలో ఉంది.

అదే పోతన గజేంద్రుడి నోట 'కలఁ డందురు' అని మూడు సార్లు అనిపించాడు. దీనుల పక్షాన ఉన్నాడంటారు, పరమయోగుల వద్ద ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు. అంతా అయ్యాక 'కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో' అని తన అనుమానం తాను చెప్పుకున్నాడు. 'కలఁ డందురు' అన్నా 'కలఁ డఁట' అన్నా భావం దగ్గరదగ్గరే. ఇంకాస్త ముందుకు వెళ్ళి 'లా వొక్కింతయు లేదు' పద్యం చదవండి. 'ధైర్యంబు విలోలం బయ్యె', 'మూర్ఛ వచ్చెఁ', 'దనువున్ డస్సెన్' – ఒక్క అట లేదు, ఒక్క అందురు లేదు. మూర్ఛ వచ్చింది తనకే, అలిసింది తన ఒళ్ళే. ఇంకొకరు చెబితే తెలుసుకోవలసిన సంగతి కాదది. ప్రహ్లాదుడిని చూస్తే ఇంకా స్పష్టం. 'ఇందుఁ గలఁ డందు లేఁ డని సందేహము వలదు' అన్న పిల్లవాడు 'ఎందెందు వెదకి చూచిన నందందే కలఁడు' అన్నాడు. కలడట అనలేదు. వెతికి చూడమన్నాడు. చూసినవాడి మాట అలాగే ఉంటుంది. 1932లో వచ్చిన మన తొలి టాకీ కథ కూడా ఈ ప్రహ్లాదుడిదే కాబట్టి సినిమా ప్రశ్నకు పోతనను లాక్కొచ్చానని మీరు నొచ్చుకోరనే నా నమ్మకం.

సంస్కృతంలో ఈ పని 'కిల' చేస్తుంది. 'వార్తాసంభావ్యయోః కిల' అని అమరకోశం, అంటే విన్న వార్తకూ, కావచ్చు అనుకునేదానికీ కిల వాడతారని. అంతకంటే విశేషం పాణిని సూత్రం 'పరోక్షే లిట్'. కంటికి కనబడని గతాన్ని చెప్పడానికి క్రియకు వేరే రూపమే ఉంది. మరి ఎవడైనా తాను చేసిన పనిని ఆ రూపంలో ఎలా చెబుతాడు, తన పని తనకు పరోక్షం ఎలా అవుతుంది అని వ్యాకర్తలకే సందేహం వచ్చింది. పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి దానికి ఇచ్చిన ఉదాహరణ 'సుప్తోఽహం కిల విలలాప'. తెలుగులో చెబితే 'నిద్రలో నేను ఏదేదో పలవరించానట'. ఎంత చక్కగా కుదిరిందో చూడండి! మనం రోజూ ఇలాగే అంటాం. 'చిన్నప్పుడు నేను తెగ ఏడ్చేవాడినట' అంటాం. చేసింది మనమే అయినా తెలిసింది ఇంకొకరి వల్ల. దీన్నిబట్టి మీ మిత్రుడు సెకండాఫ్‌లో నిద్రపోయి ఉంటే, ఆయన 'స్లోగా ఉందట' అనడానికి కాశికలోనే ఆధారం దొరుకుతుంది. మెలకువగా ఉంటే దొరకదు.

ఇంతటితో తీర్పు చెప్పేసి 'చూసినదానికి అట చేర్చకూడదు' అనడం తేలిక. కానీ వాడుక అంత తేలికగా లొంగదు. పిల్లలు ఆడుకునేటప్పుడు ఏమంటారో వినండి. "నువ్వు దొంగవంట, నేను పోలీసునంట. నువ్వు పారిపోతావంట, నేను పట్టుకుంటానంట." ఎవరి దగ్గర విన్నారు ఇది? ఎవరి దగ్గరా కాదు, అప్పటికప్పుడు కల్పించుకుంటున్నారు. కల చెప్పేటప్పుడూ అంతే. "నేను ఏదో కొండ ఎక్కుతున్నానట, పైన ఎవరూ లేరట" అంటాం. కలగన్నది మనమే, అయినా అట లేకుండా చెప్పడానికి నోరు రాదు. జరగని లోకంలో జరిగినదాన్ని చెప్పేటప్పుడు కూడా తెలుగువాడికి అట కావాలి. సినిమా కథ చెప్పేవాడూ అంతే. మూడు గంటలు కళ్ళప్పగించి చూసి వచ్చి, "హీరో పెద్ద డాక్టరట, వాళ్ళ నాన్నకు గతం గుర్తుండదట" అని మొదలుపెడతాడు. ఇది తప్పని నేను అనలేను. ఆ డాక్టరు, ఆ నాన్న తెర మీద ఉన్నవారే తప్ప లోకంలో లేరని ఆ 'అట' గుర్తుచేస్తుంది. కొసన కాస్త వెటకారం జోడించి "పెద్ద డాక్టరట!" అని సాగదీస్తే అర్థం ఇంకో దారి పడుతుంది. అది గొంతు చేసే పని, దాన్ని వ్యాకరణంలో పెట్టలేం.

కాబట్టి కథకు అట ఉండవచ్చు. సెకండాఫ్ స్లోగా ఉండటం కథలోది కాదు, చూసినవాడికి కలిగిన అనుభవం. విసుగు పుట్టిందా లేదా అన్నది గజేంద్రుడి మూర్ఛ లాంటిదే, ఎవరిది వారికే తెలియాలి. మీ మిత్రుడు నలుగురి మాటా మీకు చేరవేయదలిస్తే 'స్లోగా ఉందంటున్నారు' అని, వెంటనే 'నాకైతే అలా అనిపించలేదు' అనో, 'నాకూ అలాగే అనిపించింది' అనో చేర్చాలి. అప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఆ రెండో ముక్క లేకపోవడమే లోపం.

ఇంతకంటే నాకు కష్టం కలిగించేది దీనికి ఎదురు సంగతి. చూసినవాడు అట చేరిస్తే పోనీలే అనుకోవచ్చు. చూడనివాడు అట తీసేస్తున్నాడు. ఒకడు సినిమా చూసి 'బాగాలేదు' అంటాడు. విన్నవాడు 'బాగాలేదట' అనాలి. వాడు 'బాగాలేదు' అనే అంటాడు. సాయంత్రానికి టికెట్టు కొనని పదిమంది తీర్పరులు తయారవుతారు. ఇప్పుడు అట చేసే పనంతా 'టాక్' అనే మాటకు అప్పగించారు. పాజిటివ్ టాక్, డివైడ్ టాక్, మౌత్ టాక్! మౌత్ కాకుండా టాక్ ఇంకెక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాదు. 'బాగుందట' అంటే అయిపోయేదానికి 'సినిమాకు పాజిటివ్ టాక్ వచ్చింది' అని రాయడం దేనికి?

రివ్యూలు రాసేవారికి కూడా ఒక మాట. 'నటన అద్భుతమనే చెప్పాలి' అని రాస్తారు. చెప్పాలని ఎవరు పట్టుబట్టారు? 'సాగదీత ప్రేక్షకుడికి విసుగు తెప్పిస్తుంది' అంటారు. ఆ ప్రేక్షకుడు మీరే కదా! 'నాకు విసుగొచ్చింది' అనడానికి జంకెందుకు? 'నాకు నచ్చింది', 'నాకు నచ్చలేదు' అనే రెండు మాటలు తెలుగులో ఉన్నంత సూటిగా, అంత మర్యాదగా ఇంకేవీ లేవు. ఎదుటివాడికి నచ్చే అవకాశాన్ని అవి మూసెయ్యవు. సమీక్ష అంటే బాగా చూడటం. విమర్శలోని ధాతువుకు తాకడం అని అర్థం. చూడకుండా, తాకకుండా ఆ రెండూ కుదరవని మాటలే చెబుతున్నాయి.

మిగిలినవి. 'చూశాను' అని రాయండి. 'చూచినాను'లోని చకారం శకారంగా మారి వచ్చిన రూపం అది. 'చేసినాను'లో ఉన్నది సకారమే అయినా, ఇకారం ప్రభావంతో 'చేశాను' అయింది. ఇప్పుడు 'చూసాను, చేసాను' అని రాసేవారు చాలామంది ఉన్నారు. వారితో తగువుకు దిగను, నేను మాత్రం అలా రాయను.

'అభిప్రాయాలు పంచుకోవడం' నాకు అంతగా రుచించదు. పంచు, పాలు (వాటా అనే అర్థంలో), పగులు ఒక్క మూలం నుంచి పుట్టినవని ద్రావిడ భాషల నిరుక్త నిఘంటువు చూస్తే తెలుస్తుంది. ఒకదాన్ని భాగాలు చేస్తేనే పంపకం. ఆస్తి పంచుకుంటాం, పని పంచుకుంటాం, బాధ పంచుకుంటే సగమవుతుందంటాం. అభిప్రాయం అలా ముక్కలయ్యేది కాదు, సినిమా గురించి నలుగురికి నాలుగు పూర్తి అభిప్రాయాలు ఉంటాయి. అయితే సంతోషాన్ని పంచుకోవడం అని మనవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు, అది సగం కావడం లేదు కదా అని మీరు అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. అందుకని తప్పు అనను. 'సినిమా గురించి చెప్పుకున్నాం', 'మాట్లాడుకున్నాం', 'ముచ్చటించుకున్నాం' అనేవి చేతిలో ఉండగా దాని కోసం వెతుక్కోనక్కర్లేదని మాత్రం అంటాను.