కురుమె కసూరి ఉతికితే రంగు పోతోంది, నకిలీయా?

జపాన్ నుంచి తెప్పించుకున్న కురుమె కసూరి బట్ట మొదటి ఉతుకులోనే బకెట్ నీళ్లన్నీ నీలం చేసింది, మోసపోయానా అని అడిగారు కదా, కంగారు పడకండి. నేను జపాన్‌లోని ఫుకుఒకాలో నాలుగేళ్లు ఉద్యోగం చేశా, సెలవొస్తే రైలెక్కి ఈ బట్ట పుట్టిన కురుమె ఊరికి పోయేవాణ్ణి, ఎందుకంటే మాది పోచంపల్లి, అమ్మా నాన్నా చిటికి, అంటే ఇకత్ నూలుకి ముడులు, కట్టినవాళ్లే, అక్కడ కూడా నూలుకి ముందే ముడులేసి రంగులో ముంచి ఆ తర్వాత నేస్తారని తెలిశాక ఉండబట్టలేదు.

ముందు బట్ట తిరగేసి చూడండి. ప్రింటయితే వెనక పాలిపోయి ఉంటుంది, కసూరి రెండువైపులా ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచు కాస్త చెదిరినట్టుంటుంది, పడుగూ పేకా ఎంత జాగ్రత్తగా కలిపినా వెంట్రుకవాసి జరుగుతాయి మరి. కానీ దీన్నిబట్టి చేతిమగ్గందని చెప్పలేం. ఇప్పుడొచ్చేది ఎక్కువ పవర్‌లూమ్, కెమికల్ రంగు, అదీ కసూరీయే, రోజూ వేసుకోడానికి నాకదే ఇష్టం. 1957లో జపాన్ ప్రభుత్వం సాంస్కృతిక సంపదగా గుర్తించిన పద్ధతి వేరు, చేత్తో కట్టిన ముడి, నీలి మొక్క నుంచి తీసిన సహజమైన రంగు, చేతిమగ్గం మూడూ ఉండాలి. షాపువాళ్లని మూడూ విడివిడిగా అడగండి, రేటు తేడా అక్కడే.

ఇక రంగు సంగతి. సహజమైన రంగయితే, నీలి ఆకుని నెలల తరబడి మాగబెట్టి, బూడిద నీళ్లలో పులియబెడతారు. నేను చూసినచోట ఒక పెద్దాయన నూలు చిలపని ముంచి, పిండి, నేలకేసి టపటపా కొడుతున్నారు, ముడుల పక్కన కూడా దారం విచ్చుకుని గాలి తగలాలని. తొట్టిలోంచి తీసేటప్పుడు పచ్చగా ఉన్న నూలు చూస్తుండగానే నీలమైపోయింది! ఇలా పదుల సార్లు ముంచుతారు, రంగు పొరలు పొరలుగా పేరుకుంటుంది కాబట్టి పైపైన మిగిలింది మొదట్లో ఊడుతుంది. నా మొదటి చొక్కా కూడా తెల్ల బ్యాగు పట్టీకి అంటుకుంది, రెండేళ్లకి నీలం తేటబడి తెల్ల పువ్వులు ఇంకా బాగా కనబడ్డాయి.

అసలు కురుమె కసూరి పుట్టిందే వెలిసిన బట్టలోంచి. 1788లో పుట్టిన ఇనోఉఎ డెన్, పన్నెండు పదమూడేళ్ల పిల్లప్పుడు, పాతబట్ట మీద తెల్లమచ్చలు చూసి, దారం దారం విప్పి ఈ కిటుకు పట్టుకుంది.

కొన్నాళ్లు విడిగా, చన్నీళ్లలో, బ్లీచ్ లేని సబ్బుతో ఉతికి నీడన ఆరేయండి.