టెక్ సందేహాలు: స్క్రీన్‌షాట్‌లో క్లూ దొరకదు

మారతహళ్లి పీజీలో ఉంటున్నాను. కాలేజీ ఫెస్ట్ కోసం పెట్టిన ఆన్‌లైన్ ట్రెజర్ హంట్‌లో ఆరో లెవెల్ దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. పేజీలో ఒక ఫొటో తప్ప ఏమీ లేదు. స్క్రీన్‌షాట్ జత చేశాను. జవాబు చెప్పగలరా?

ఈ నెలలో ఇలాంటి మెయిల్స్ చాలా వచ్చాయి. అన్నిటికీ స్క్రీన్‌షాట్లే జత చేశారు. స్క్రీన్‌షాట్ తీసిన క్షణమే మీరు క్లూని పారేశారు. ఫొటో ఫైల్ పేరు, అది తీసిన తేదీ, జీపీఎస్ వివరాలు, ఫైల్ చివర అతికించిన అక్షరాలు, ఏవీ స్క్రీన్‌షాట్‌లోకి రావు. ఫొటోను మెసేజింగ్ యాప్‌లో పంపించుకున్నా అంతే. యాప్ దాన్ని కుదించి మళ్లీ రాస్తుంది, లోపల దాచిందంతా పోతుంది. స్నేహితులతో పంచుకోవాలంటే అసలు ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పంపండి.

ఫోన్ పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌లో ఆ పేజీ తెరవండి. ట్యాబ్ మీద ఉన్న టైటిల్ చదవండి. పేజీ సోర్స్, అంటే దాని వెనకున్న కోడ్ చూడండి, పజిల్ పెట్టేవాళ్లకు అందులో కామెంట్లు రాయడం మహా ఇష్టం. తర్వాత ఫొటోను దించుకుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, పిచ్చి గీతలన్నీ దాటుకుని చివరి వరుసలకు వెళ్లండి. 2012 జనవరిలో ఇంటర్నెట్‌లో మొదలైన సికాడా 3301 అనే పజిల్ మొదటి మెట్టు సరిగ్గా ఇదే. ఫొటోను టెక్స్ట్‌గా తెరిచినవాళ్లకు రోమన్ చక్రవర్తి క్లాడియస్ పేరు, దాని వెంట అర్థంకాని అక్షరాలు కనిపించాయి. క్లాడియస్ నాలుగో చక్రవర్తి. అక్షరాలను నాలుగు స్థానాలు వెనక్కి జరిపితే ఒక లింక్ వచ్చింది. లింక్ తెరిస్తే బాతు బొమ్మ, వెక్కిరింపుగా ఒక వాక్యం. చాలామంది అక్కడ విసిగి వదిలేసి ఉంటారు. ఆ వాక్యంలోని ‘గెస్’, ‘అవుట్’ అనే మాటలే తర్వాత వాడాల్సిన సాఫ్ట్‌వేర్ పేరు, అవుట్‌గెస్. ఫొటోలో దాచిన సందేశాన్ని బయటికి తీసేది అది. మంచి పజిల్‌లో మాటలు ఊరికే పడవు. మీ ఫొటో కింద ఉన్న మూడు మాటలను మీరు మెయిల్‌లో ప్రస్తావించనే లేదు. ముందు వాటిని చదవండి.

చిన్నవీ పెద్దవీ అక్షరాలు, అంకెలు కలిసిపోయి, చివర రెండు ‘ఈక్వల్ టు’ గుర్తులున్న వరుస ఇచ్చారు. ఇది ఏ సైఫర్? (కేఆర్ పురం)

సైఫర్ అంటే రహస్య లిపి. ఇది సైఫరే కాదు, బేస్64, సమాచారాన్ని అక్షరాలు, అంకెలుగా మార్చి రాసే పద్ధతి. దానికి తాళంచెవి ఉండదు, ఏ డీకోడర్‌లో వేసినా విప్పుకుంటుంది. మీ అసలు పని ఆ తర్వాతే. విప్పాక కూడా అర్థంకాని అక్షరాలే వస్తే కాగితం, పెన్సిల్ తీసుకుని ఒక్కో అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఇంగ్లిష్‌లో నూటికి దాదాపు పన్నెండు అక్షరాలు ‘ఈ’లే. ఏదో ఒక అక్షరం అలా ఎక్కువగా కనిపిస్తే ఒకదాని స్థానంలో మరొకటి పెట్టిన సాదా సైఫర్ అనుకోవచ్చు. అన్నీ ఇంచుమించు సమానంగా వస్తే వీజనేర్ అయ్యుండొచ్చు, అంటే ఒక తాళంచెవి మాటను బట్టి ఒక్కో అక్షరాన్ని ఒక్కోలా జరిపే సైఫర్. అప్పుడు రెండు మూడు చోట్ల తిరిగొచ్చే ఒకే అక్షరాల గుంపు కోసం వెతకండి. వాటి మధ్య దూరాలు 15, 35, 50 అనుకోండి. మూడింటినీ భాగించేది 5, కాబట్టి తాళంచెవి మాటలో అయిదు అక్షరాలు ఉండే అవకాశం ఎక్కువ. జర్మన్ సైనికాధికారి కసిస్కీ 1863లో అచ్చువేసిన పద్ధతి ఇది. ఆన్‌లైన్ టూల్ ఈ పని క్షణంలో చేసిపెడుతుంది, నిజమే. కానీ ఒక్కసారైనా చేత్తో చేయండి, ఆ సంతోషం వేరు.

మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. ఒక పజిల్ సైట్‌లో తర్వాతి లెవెల్‌కు వెళ్లాలంటే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమంది. చేశాడు. ఏమీ జరగలేదు. ఫర్వాలేదు కదా? (యలహంక)

ఫర్వాలేదని చెప్పలేనమ్మా. ఏమీ కనిపించకపోవడమే నాకు భయం. ఆ పేజీయే క్లిప్‌బోర్డులో, అంటే కాపీ చేసింది ఉండే చోట, ఒక కమాండ్ పెట్టేసి ఉంటుంది. మీవాడు తన చేత్తోనే దాన్ని కంప్యూటర్‌కు ఇచ్చాడు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, లాగిన్లు దొంగిలించే ప్రోగ్రాములు ఇప్పుడు ఈ దారినే వస్తున్నాయి. వెంటనే నెట్ ఆపేయండి. మరో ఫోన్ నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేయించండి. తర్వాత బ్యాంక్ పాస్‌వర్డులు మార్చండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేయించేదాకా దాంట్లో ఏ లాగిన్ వద్దు.

పజిల్ ఆడేవాళ్లు ఈ వలలో తేలిగ్గా పడతారు. వింత ఆదేశం కనిపిస్తే అనుమానించాల్సింది పోయి, అదే క్లూ అనుకుంటారు. క్లూ చూడటానికి, వినడానికి, లెక్కపెట్టడానికి ఉంటుంది. మీ కంప్యూటర్‌లో కమాండ్ నడపమన్నా, హింట్ కోసం ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) వేసుకోమన్నా, అమ్మ పుట్టిన ఊరు, మొదటి స్కూల్ పేరు అడిగినా అక్కడితో ఆట మానేయండి. అవి బ్యాంకులు అడిగే భద్రతా ప్రశ్నలు.

ఈ సందర్భంలో నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఒకటుంది. ఫైల్ పేరు చివరి భాగాన్ని మామూలుగా దాచేసే కంప్యూటర్లు ఇప్పటికీ మన బల్లల మీద ఉన్నాయి. ‘క్లూ.జేపీజీ.ఈఎక్స్ఈ’ అనే ప్రోగ్రామ్ వాటిలో ‘క్లూ.జేపీజీ’గా, బుద్ధిగా ఫొటోలాగా కనిపిస్తుంది. స్క్రీన్ శుభ్రంగా ఉండాలని మనిషికి ప్రమాదం కనిపించకుండా చేయడం ఏం డిజైన్? ఏళ్లు గడిచాయి, ఎన్నో అప్‌డేట్లు వచ్చాయి. ఐకాన్ల మూలలు గుండ్రమయ్యాయి తప్ప ఈ ఒక్క సెట్టింగ్ మారలేదు. ఇవాళే ఫోల్డర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి. ఇంట్లో పిల్లల కంప్యూటర్లలోనూ పెట్టండి.

ఉగాదికి మా బెళ్లందూరు అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లు పెట్టిన ఆన్‌లైన్ హంట్‌లో ‘మాయామాళవగౌళ, ధీరశంకరాభరణం’ అని ఇచ్చి నాలుగంకెల పాస్‌వర్డ్ అడిగారు. ఎవరికీ రాలేదు.

పోటీ అయిపోయింది కాబట్టి జవాబు చెప్పేస్తాను. ఇది కటపయాది, అక్షరాలతో అంకెలు చెప్పే పాత పద్ధతి. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ దాకా మళ్లీ 1 నుంచి 9, న సున్నా. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య నుంచి హ దాకా 1 నుంచి 8. కర్ణాటక సంగీతానికి మూలమైన 72 మేళకర్త రాగాల పేర్లలో మొదటి రెండు అక్షరాలు ఆ రాగం సంఖ్య చెబుతాయి, కాకపోతే అంకెలను తిప్పి చదవాలి. మా అంటే 5, యా అంటే 1, తిప్పితే 15. ధీ 9, ర 2, తిప్పితే 29. పాస్‌వర్డ్ 1529. మీ అపార్ట్‌మెంట్‌లో సరళీ స్వరాలు నేర్చుకునే పిల్లలు ఉండే ఉంటారు, వాళ్లు రోజూ పాడేది మాయామాళవగౌళలోనే. ఈ పజిల్ పెట్టినవారికి నా అభినందనలు చెప్పండి. వచ్చే ఉగాదికి ఏం పెడతారో నాకూ రాయమనండి.