చార్టర్ స్కూల్లో సీటొచ్చింది, చేర్చమంటారా?

ప్రశ్న: అమెరికాలో ఉంటాం. మా బాబుకి మాటలు ఆలస్యంగా వచ్చాయి, స్పీచ్ థెరపీ నడుస్తోంది. కిండర్‌గార్టెన్‌కి చార్టర్ స్కూల్ లాటరీలో సీటొచ్చింది. మావారేమో ప్రైవేటే మేలంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నా చూపు థెరపీ అన్న మాట దగ్గరే ఆగిపోయిందమ్మా. చార్టర్ అంటే ప్రభుత్వ డబ్బుతో నడిచే పబ్లిక్ స్కూలే, 1991లో మిన్నెసోటా చట్టంతో మొదలైంది. ఫీజుండదు. బాబు అర్హుడైతే ఐఈపీ, అంటే వాడి అవసరాలకు తగ్గ ప్రత్యేక విద్యా ప్రణాళిక రాసి థెరపీ ఉచితంగా ఇవ్వాల్సిందే, అది ఫెడరల్ చట్టం. మీ అంతట మీరు ప్రైవేటులో చేర్పిస్తే ఆ హక్కు అలాగే వెంట రాదు. మా అమ్మాయిని ప్రైవేటులో చేర్చాకే నాకిది తెలిసింది. ఫీజు కడుతూనే థెరపీకి వేరే కట్టుకున్నాం, ఆ బాధ ఇంకా పోలేదు.

అలాగని చార్టర్లన్నీ ఒకలా ఉండవు. థెరపిస్టు వారానికి ఎన్ని రోజులు వస్తారో అడగండి, గది చూపించమనండి. మేం చూసిన ఒకచోట అది సామాన్ల గది, కుర్చీల మీద కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల. బస్సుందా, చార్టర్ (అంటే స్కూలు నడిపే అనుమతి) గడువు ఎప్పటిదాకా ఉంది అనీ కనుక్కోండి. రెన్యూ కాకపోతే స్కూలే మూతపడొచ్చు. సీటు ఖాయం చేసేలోపే వెళ్లండి, మీవారిని తప్పకుండా తీసుకెళ్లండి.